బ్రౌజర్ ఎంపిక, ప్రైవసీ: తరచుగా అడిగే ప్రశ్నలు

ఏ బ్రౌజర్ మంచిదన్న మాట వచ్చిన ప్రతిసారీ అవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తున్నాయి. అందుకే వాటిని ఒకచోట పెట్టాం. ఏ ప్రశ్నకు ఆ ప్రశ్న విడిగా చదువుకోవచ్చు. మెనూల పేర్లు వెర్షన్‌ను బట్టి కొద్దిగా మారుతుంటాయి. చెప్పినచోట కనిపించకపోతే సెట్టింగ్స్ పేజీ పైన ఉండే సెర్చ్ పెట్టెలో ఆ మాట కొట్టి చూడండి.

## ఎంచుకునే ముందు

అన్ని బ్రౌజర్లూ ఒకేలా కనిపిస్తున్నాయి. లోపల నిజంగా తేడా ఉందా?

పేర్లు చాలా ఉన్నా, పేజీని గీసి చూపించే ఇంజిన్లు ప్రధానంగా మూడే. క్రోమ్, ఎడ్జ్, బ్రేవ్, ఒపెరా, వివాల్డీ, శాంసంగ్ ఇంటర్నెట్ అన్నిటికీ బ్లింక్ ఇంజినే ఆధారం. ఫైర్‌ఫాక్స్‌ది, టార్ బ్రౌజర్‌ది గెకో. సఫారీది వెబ్‌కిట్. ఎడ్జ్ కూడా 2020 నుంచి క్రోమ్ పునాది మీదే నడుస్తోంది కాబట్టి క్రోమ్‌లో బాగా కనిపించే సైటు అందులోనూ అలాగే కనిపిస్తుంది. ఐఫోన్ సంగతి వేరు. అక్కడ యూరోపియన్ యూనియన్ లాంటి కొద్ది మినహాయింపులు తప్ప, మీరు ఏ బ్రౌజర్ దించుకున్నా లోపల వెబ్‌కిట్టే ఉంటుంది. తేడా అంతా సింక్‌లో (మీ బుక్‌మార్క్‌లు, పాస్‌వర్డ్‌లు అన్ని పరికరాల్లో ఒకేలా ఉంచడంలో), ప్రకటనలు ఆపే పద్ధతిలో, ఆ కంపెనీ మీ డేటాను ఏం చేస్తుందన్న దానిలో.

భద్రత, ప్రైవసీ రెండూ ఒకటే కదా?

కాదు. తప్పుడు ఎంపికలు చాలావరకు ఈ రెంటినీ కలిపేయడం వల్లే జరుగుతాయి. ఒక చెడ్డ పేజీ మీ కంప్యూటర్‌లోకి చొరబడకుండా ఆపేది భద్రత. మీరు ఎక్కడెక్కడ తిరుగుతున్నారో ఎవరెవరు చూస్తున్నారన్నది ప్రైవసీ. క్రోమ్ భద్రతలో గట్టిది. 2018 నుంచి కంప్యూటర్లలో ఒక్కో సైటునూ వేరే ప్రాసెస్‌లో బంధించి ఉంచుతోంది, లోపం బయటపడితే సవరణ త్వరగా వస్తుంది. ప్రైవసీ విషయంలో మాత్రం దాని డిఫాల్ట్ సెట్టింగులు వదులుగా ఉంటాయి. దీనికి తలకిందులు కూడా ఉంటుంది. 'పూర్తి ప్రైవసీ' అని చెప్పుకునే చిన్న బ్రౌజర్ ఏదైనా అప్‌డేట్లలో నెలల తరబడి వెనకబడితే, ట్రాకర్లను (మీ తిరుగుడును గమనించే కోడ్‌ను) ఆపి దొంగలకు తలుపు తీసినట్టే. అందుకే ముందు అప్‌డేట్లు ఎంత తరచుగా వస్తున్నాయో చూడండి. ప్రైవసీ హామీలు ఆ తర్వాత చదవొచ్చు.

ఉచితంగా ఇస్తున్నారు కదా, వీళ్లకు డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది?

బ్రౌజర్ గురించి అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే. గూగుల్ ఆదాయంలో అధిక భాగం ప్రకటనలది. ఫైర్‌ఫాక్స్‌ను తయారుచేసే మొజిల్లాకు ఎక్కువ రాబడి, గూగుల్‌ను డిఫాల్ట్ సెర్చ్‌గా ఉంచినందుకు గూగుల్ ఇచ్చేదే. ఆపిల్ పరికరాలు అమ్ముతుంది, సఫారీలో సెర్చ్ కోసం గూగుల్ నుంచి పెద్ద మొత్తమూ తీసుకుంటుంది. బ్రేవ్‌కు సొంత ప్రకటనలు, సెర్చ్, డబ్బు కట్టి వాడే సేవలు ఉన్నాయి. ఎవరి చేతులూ పూర్తిగా శుభ్రం అని చెప్పలేం. అయితే మీ తిరుగుడు వివరాలే వ్యాపారానికి ముడిసరుకైన కంపెనీకీ, డిఫాల్ట్ సెర్చ్ స్థానాన్ని అమ్ముకునే కంపెనీకీ మధ్య తేడా పెద్దదే. సెర్చ్‌ను మీరు ఒక్క నిమిషంలో మార్చుకోవచ్చు.

క్రోమ్ వాడితే నేను చూసేదంతా గూగుల్‌కు తెలుస్తుందా?

అంతా కాదు, కానీ అనుకున్నదానికన్నా ఎక్కువే. సెర్చ్ గూగుల్‌దే అయితే, అడ్రస్ బార్‌లో కొడుతున్న అక్షరాలు సూచనల కోసం ఎంటర్ నొక్కకముందే గూగుల్‌కు వెళ్తాయి. అకౌంట్‌తో సైన్ ఇన్ అయి హిస్టరీని సింక్ చేస్తే అది గూగుల్ సర్వర్లలో ఉంటుంది. సింక్ సెట్టింగుల్లో సొంత 'పాస్‌ఫ్రేజ్' పెట్టుకుంటే దాన్ని గూగుల్ చదవలేదు. ఆ పాస్‌ఫ్రేజ్ మర్చిపోతే తిరిగి తెచ్చే దారి లేదు, సింక్ డేటాను చెరిపేసి మళ్లీ మొదలుపెట్టాలి.

థర్డ్ పార్టీ కుకీల (మీరు తెరిచిన సైటు కాక, అందులోని వేరే కంపెనీ పెట్టే గుర్తింపు ఫైళ్ల) విషయంలోనూ క్రోమ్ వెనకబడింది. వాటిని సఫారీ 2020 మార్చిలో పూర్తిగా ఆపేసింది. ఫైర్‌ఫాక్స్ 2022లో ఏ సైటు కుకీలను ఆ సైటుకే పరిమితం చేసింది. తామూ తీసేస్తామని 2020 జనవరిలో ప్రకటించిన గూగుల్ 2024 జులైలో ఆ ఆలోచన మానుకుంది. కాబట్టి క్రోమ్‌లో ఆ పని మీరే చేసుకోవాలి. సెట్టింగ్స్‌లో 'ప్రైవసీ అండ్ సెక్యూరిటీ', అందులో 'థర్డ్ పార్టీ కుకీస్' తెరిచి బ్లాక్ ఎంచుకోండి.

## ఏది తీసుకోవాలి

ఇన్ని వివరాలు వద్దు. ఏది పెట్టుకోవాలో సూటిగా చెప్పండి.

కంప్యూటర్‌లో, ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఫైర్‌ఫాక్స్, దానికి తోడు యూబ్లాక్ ఆరిజిన్ అనే యాడ్ బ్లాకర్ ఎక్స్‌టెన్షన్ (బ్రౌజర్‌కు చేర్చుకునే చిన్న ప్రోగ్రామ్). సెట్టింగులు ముట్టుకోరని తెలిసిన ఇంట్లోవాళ్లకు బ్రేవ్ పెట్టి ఇవ్వండి, దించుకోగానే ప్రకటనలనూ ట్రాకర్లనూ ఆపుతుంది. మ్యాక్, ఐఫోన్ తప్ప వేరే పరికరం లేకపోతే సఫారీ చాలు, ఒక కంటెంట్ బ్లాకర్ చేర్చుకుంటే సరి. క్రోమ్‌ను గానీ ఎడ్జ్‌ను గానీ తీసేయకండి. ఎప్పుడైనా మొండికేసే సైటు కోసం అదొకటి పక్కన ఉండాలి.

ఫైర్‌ఫాక్స్‌లో కొన్ని సైట్లు పనిచేయవంటారు. నిజమేనా?

అప్పుడప్పుడు. కారణాలు మూడు రకాలు. ఆ సైటు చేసినవాళ్లు క్రోమ్‌లో మాత్రమే పరీక్షించి ఉండొచ్చు. ట్రాకింగ్ రక్షణ సైటుకు అవసరమైన స్క్రిప్ట్‌నే ఆపి ఉండొచ్చు. లేదా ఆ సైటు వెబ్ బ్లూటూత్ లాంటి, ఫైర్‌ఫాక్స్‌లో లేని సదుపాయాన్ని అడుగుతూ ఉండొచ్చు. ముందు అడ్రస్ బార్ ఎడమ చివర ఉండే డాలు గుర్తు నొక్కి ఆ ఒక్క సైటుకు రక్షణ ఆపి చూడండి. తర్వాత యూబ్లాక్‌ను ఆ సైటుకు మాత్రమే ఆపండి. రెండూ ఫలించకపోతే పక్కనున్న రెండో బ్రౌజర్ తెరవండి. ఒక్క సైటు కోసం ఫైర్‌ఫాక్స్ మొత్తం సెట్టింగులు సడలించడం మాత్రం వద్దు. తర్వాత తిరిగి బిగించడం ఎవరికీ గుర్తుండదు.

బ్రేవ్‌లో క్రిప్టో గొడవ ఉందటగా?

క్రిప్టో వాలెట్, ప్రకటనలు చూస్తే బహుమతులిచ్చే 'రివార్డ్స్' అందులోనే కలిపి వస్తాయి. మీరుగా మొదలుపెట్టకపోతే అవి పనిచేయవు. ఆ గుర్తులను టూల్‌బార్ నుంచి దాచేయొచ్చు, కొత్త ట్యాబ్‌లో వచ్చే ప్రాయోజిత చిత్రాలను 'కస్టమైజ్'లో ఆపేయొచ్చు. 2020లో కొన్ని క్రిప్టో సైట్ల చిరునామా కొడుతుంటే బ్రేవ్ తన కమిషన్ కోడ్‌ను తగిలించడం బయటపడింది. విమర్శలొచ్చాక సరిదిద్దారు. బ్రౌజర్‌గా దాని ట్రాకర్ రక్షణ ఇప్పటికీ గట్టిదే, కానీ ఈ చరిత్ర తెలిసే ఎంచుకోండి.

టార్ బ్రౌజర్ రోజూ వాడొచ్చా?

వాడొచ్చు గానీ విసుగొస్తుంది. ప్రతి పేజీ మూడు రిలేల (మధ్యవర్తి సర్వర్ల) మీదుగా తిరిగి వస్తుంది కాబట్టి నెమ్మది. చాలా సైట్లు 'మీరు మనిషేనా' అని అడుగుతూనే ఉంటాయి, కొన్ని అసలు రానివ్వవు. ఒక పేజీ చూసింది మీరేనని ఎవరికీ తెలియకూడదన్నప్పుడు దానికి సాటి లేదు. కానీ మీ సొంత పేరుతో ఉన్న అకౌంట్‌లోకి లాగిన్ అయ్యారంటే ఆ సైటుకు మీరెవరో చెప్పేసినట్టే. ఎక్స్‌టెన్షన్లు కలపకండి, విండో సైజు మార్చకండి. టార్ వాడేవాళ్లంతా ఒకేలా కనిపించడమే దాని బలం. మీరు చేసే ప్రతి మార్పూ మిమ్మల్ని గుంపులోంచి విడదీస్తుంది.

నాది విండోస్ 7 ఉన్న పాత కంప్యూటర్. ఏం చేయాలి?

విండోస్ 7, 8.1లకు క్రోమ్ 109తో ఆగిపోయింది, అది 2023 జనవరి మాట. ఫైర్‌ఫాక్స్‌లో వాటికి చివరి వరస 115 ఈఎస్ఆర్ (ఎక్కువకాలం సవరణలు అందే వెర్షన్). పాత బ్రౌజర్‌తో వార్తలు చదవడం వేరు, బ్యాంకు లావాదేవీలు చేయడం వేరు. రెండోది మానేయండి. ఆ యంత్రంలో 4 జీబీ ర్యామ్ ఉంటే తేలికపాటి లినక్స్ ఏదైనా ఎక్కించి, దాంతో వచ్చే తాజా ఫైర్‌ఫాక్స్ వాడుకోవడం ఉత్తమం.

## మారేటప్పుడు

బ్రౌజర్ మారితే పాస్‌వర్డ్‌లు, బుక్‌మార్క్‌లు పోతాయా?

పోవు, కాకపోతే వరుస తప్పకుండా చేయాలి. కొత్త బ్రౌజర్ సెట్టింగ్స్‌లో 'ఇంపోర్ట్' నొక్కి పాత బ్రౌజర్‌ను ఎంచుకుంటే బుక్‌మార్క్‌లు, హిస్టరీ వచ్చేస్తాయి. పాస్‌వర్డ్‌లు నేరుగా రాకపోతే పాత బ్రౌజర్ పాస్‌వర్డ్ మేనేజర్‌లో 'ఎక్స్‌పోర్ట్' నొక్కి సీఎస్‌వీ ఫైలు చేసి, దాన్ని కొత్తదాంట్లోకి ఎక్కించండి.

ప్రమాదమంతా ఆ ఫైలుతోనే. అందులో మీ పాస్‌వర్డ్‌లన్నీ ఏ తాళమూ లేకుండా మామూలు అక్షరాల్లో ఉంటాయి. క్లౌడ్‌తో సింక్ అయ్యే ఫోల్డర్‌లో దాచకండి. చాలా కంప్యూటర్లలో డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ కూడా అలాంటివే. మెయిల్‌లో పంపుకోకండి. ఎక్కించడం అవగానే ఫైలు తీసేసి రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయండి.

లాగిన్‌లు మాత్రం కొత్తగా చేయాల్సిందే, 'ఈ పరికరాన్ని గుర్తుంచుకో' అన్న గుర్తింపు పాత బ్రౌజర్ కుకీల్లోనే ఉండిపోతుంది. పాస్‌కీలు (పాస్‌వర్డ్ బదులు వేలిముద్ర, పిన్ లాంటి వాటితో లాగిన్ అయ్యేవి) ఈ సీఎస్‌వీ ఫైలులో రావు, ఆయా సైట్లలో కొత్తగా చేర్చుకోవాలి. అందుకే పాత బ్రౌజర్‌ను ఒక నెలైనా ఉంచి, ఏదీ మిగిలిపోలేదని తేలాకే తీసేయండి.

డిఫాల్ట్ మార్చినా లింకులు వేరేచోట తెరుచుకుంటున్నాయి. ఎందుకు?

విండోస్ 11లో సెట్టింగ్స్, యాప్స్, 'డిఫాల్ట్ యాప్స్' వరుసలో వెళ్లి మీ బ్రౌజర్ పేరు నొక్కి 'సెట్ డిఫాల్ట్' ఇవ్వండి. కింద జాబితాలో హెచ్‌టీటీపీ, హెచ్‌టీటీపీఎస్, పీడీఎఫ్ దేనికి కేటాయించి ఉన్నాయో విడిగా చూసుకోండి, పీడీఎఫ్ తరచు ఎడ్జ్‌కే ఉండిపోతుంది. ఐఫోన్‌లో డిఫాల్ట్ మార్చే వీలు ఐఓఎస్ 14 నుంచి, అంటే 2020 నుంచి ఉంది.

ఫోన్‌లో ఇంకో కారణం ఉంది. చాలా సోషల్ మీడియా యాప్‌లు లింకును తమ లోపలి విండోలోనే తెరుస్తాయి. ఆ విండోలో తెరిచిన పేజీకి తన స్క్రిప్ట్‌ను జోడించే వీలు యాప్‌కు ఉంటుంది, మీ యాడ్ బ్లాకర్‌కు అక్కడ చోటు ఉండదు. మూడు చుక్కలు నొక్కి 'ఓపెన్ ఇన్ బ్రౌజర్' ఎంచుకోండి. యాప్ సెట్టింగుల్లో 'ఎక్స్‌టర్నల్ బ్రౌజర్' మీట ఉంటే శాశ్వతంగా అదే పెట్టేయండి. ముఖ్యంగా అలాంటి విండోలో పాస్‌వర్డ్ ఎప్పుడూ కొట్టకండి.

## మొదటి అరగంటలో చేసే సెట్టింగులు

కొత్త బ్రౌజర్ పెట్టగానే ఏమేం మార్చాలి?

ఫైర్‌ఫాక్స్ అయితే 'ప్రైవసీ అండ్ సెక్యూరిటీ'లో ట్రాకింగ్ రక్షణను 'స్ట్రిక్ట్' చేయండి. 'హెచ్‌టీటీపీఎస్ ఓన్లీ మోడ్' (గుప్తీకరించిన కనెక్షన్‌నే వాడేది) అన్ని విండోలకూ పెట్టండి. డేటా సేకరణకు సంబంధించిన టిక్కులు తీసేయండి. అడ్రస్ బార్ సూచనల్లో ప్రాయోజితమైనవి ఆపండి. నోటిఫికేషన్ల వరుసలో 'కొత్త అభ్యర్థనలన్నీ ఆపు' అన్న టిక్కు పెడితే రోజూ వచ్చే చికాకు సగం తగ్గుతుంది.

క్రోమ్ అయితే 'ఆల్వేస్ యూజ్ సెక్యూర్ కనెక్షన్స్' పెట్టి, 'యాడ్ ప్రైవసీ' కనిపిస్తే అందులోని మీటలన్నీ ఆపి, థర్డ్ పార్టీ కుకీలను బ్లాక్ చేయండి. 'సేఫ్ బ్రౌజింగ్' మాత్రం ఆపకండి. అందులో 'ఎన్‌హాన్స్‌డ్' ఎంచుకుంటే మీరు తెరిచే చిరునామాలు తనిఖీకి గూగుల్‌కు వెళ్తాయి. మోసాల గురించి అంతగా తెలియని పెద్దవాళ్ల కంప్యూటర్‌లో ఆ బేరం మంచిదే. మిగతావాళ్లకు 'స్టాండర్డ్' చాలు.

కుకీలన్నీ ఆపేస్తే సరిపోదా?

అప్పుడు ఏ సైటులోనూ లాగిన్ నిలవదు. మీరు తెరిచిన సైటు పెట్టే కుకీ మిమ్మల్ని గుర్తుపెట్టుకోవడానికి. ఆ పేజీలో ప్రకటన రూపంలో కూర్చున్న వేరే కంపెనీ పెట్టే కుకీ మిమ్మల్ని సైటు సైటుకూ వెంటాడటానికి. రెండోదాన్ని ఆపితే చాలు. ఇంకా గట్టిగా కావాలంటే బ్రౌజర్ మూసినప్పుడు కుకీలు చెరిపేసేలా పెట్టి, రోజూ లాగిన్ అయ్యే సైట్లను మినహాయింపుల్లో చేర్చండి.

యాడ్ బ్లాకర్ ఏది మంచిది? క్రోమ్‌లో యూబ్లాక్ ఆరిజిన్ ఎందుకు ఆగిపోయింది?

ఎక్స్‌టెన్షన్ల నియమాలను గూగుల్ 'మ్యానిఫెస్ట్ వీ3' పేరుతో మార్చింది. పాత పద్ధతిలో ప్రతి రిక్వెస్ట్‌నూ ఎక్స్‌టెన్షనే పరిశీలించి ఆపేది. కొత్త పద్ధతిలో నియమాల జాబితా ముందే బ్రౌజర్‌కు అప్పగించాలి, ఆ జాబితాకూ పరిమితి ఉంది. దాంతో యూబ్లాక్ ఆరిజిన్ పూర్తి రూపం క్రోమ్‌లో ఆగిపోయింది, ఫైర్‌ఫాక్స్‌లో కొనసాగుతోంది. క్రోమ్‌లో 'యూబ్లాక్ ఆరిజిన్ లైట్' ఉంది. అందులో రక్షణ స్థాయిని 'కంప్లీట్'కు మార్చితే రోజువారీ సైట్లకు బాగానే పనిచేస్తుంది.

రెండు బ్లాకర్లు ఒకేసారి పెట్టకండి. ఒకదానికొకటి అడ్డుపడి పేజీలు విరుగుతాయి. పోలిన పేర్లతో నకిలీలు తిరుగుతుంటాయి కాబట్టి తయారుచేసినవారి పేరు రేమండ్ హిల్ అని ఉందో లేదో చూసి దించుకోండి.

ఎక్స్‌టెన్షన్లు ఎన్ని పెట్టుకోవచ్చు?

తీసేస్తే పని ఆగిపోతుందనిపించేవి మాత్రమే. 'అన్ని సైట్లలో మీ డేటాను చదివి మార్చగలదు' అన్న అనుమతి ఇచ్చారంటే, ఆ ఎక్స్‌టెన్షన్ మీ బ్యాంకు పేజీని కూడా చూడగలదు. ఈరోజు మంచిదైనది రేపు చేతులు మారొచ్చు. లక్షలమంది వాడిన 'ద గ్రేట్ సస్పెండర్' అలాగే కొత్త యజమాని చేతికి వెళ్లింది, హానికర కోడ్ ఉందంటూ 2021లో గూగుల్ దాన్ని తొలగించింది. క్రోమ్‌లో ఒక్కో ఎక్స్‌టెన్షన్ వివరాల్లోకి వెళ్లి 'సైట్ యాక్సెస్'ను 'ఆన్ క్లిక్'కు మార్చుకోవచ్చు. మీరు నొక్కినప్పుడే అది పేజీని చూస్తుంది. యాడ్ బ్లాకర్‌కు ఇలా చేస్తే పనిచేయదు, మిగతా చాలావాటికి చేయొచ్చు.

## రోజువారీ వాడకంలో

ఇన్‌కాగ్నిటో వాడితే ఎవరికీ తెలియదు కదా?

మీ తర్వాత అదే కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్లకు తెలియదు, అంతే. విండో మూయగానే హిస్టరీ, కుకీలు పోతాయి. ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీకి, ఆఫీసు నెట్‌వర్క్‌కు, మీరు తెరిచిన సైటుకు అంతా మామూలుగానే కనిపిస్తుంది. దించుకున్న ఫైళ్లు, పెట్టుకున్న బుక్‌మార్క్‌లు అలాగే ఉండిపోతాయి. ఇన్‌కాగ్నిటోలోనూ వివరాలు సేకరించారంటూ అమెరికాలో 2020లో వేసిన కేసును గూగుల్ రాజీ చేసుకుంది. ఆ ఒప్పందంలో భాగంగా పాత రికార్డులు చెరిపేసేందుకు 2024లో అంగీకరించింది.

వీపీఎన్ ఉంటే బ్రౌజర్ ఏదైనా ఒకటేనా?

కాదు. వీపీఎన్ (మీ ట్రాఫిక్‌ను వేరే సర్వర్ మీదుగా పంపే సేవ) సైట్ల నుంచి దాచేది మీ ఐపీ అడ్రస్‌ను (నెట్‌లో మీ కనెక్షన్ చిరునామాను) మాత్రమే. కుకీలు, లాగిన్‌లు ఎక్కడివక్కడే ఉంటాయి, అవే మిమ్మల్ని గుర్తిస్తాయి. పైగా ఇంతకుముందు మీ ఇంటర్నెట్ కంపెనీ చూడగలిగింది ఇప్పుడు వీపీఎన్ కంపెనీ చూడగలుగుతుంది. పబ్లిక్ వైఫైలో పనికొస్తుంది, ట్రాకర్లకు మందు మాత్రం కాదు.

కుకీలు ఆపినా ప్రకటనలు వెంటపడుతున్నాయి. ఎలా గుర్తుపడుతున్నారు?

స్క్రీన్ సైజు, టైమ్‌జోన్, ఫాంట్లు, గ్రాఫిక్స్ చిప్ బొమ్మ గీసే తీరు. విడివిడిగా ఇవేవీ రహస్యాలు కావు, కలిపితే మాత్రం మీ యంత్రానికి వేలిముద్ర లాంటివి. దీన్నే ఫింగర్‌ప్రింటింగ్ అంటారు. డిజిటల్ హక్కుల సంస్థ ఈఎఫ్ఎఫ్ నడిపే 'కవర్ యువర్ ట్రాక్స్' పేజీలో మీ బ్రౌజర్ ఎంత ప్రత్యేకంగా కనిపిస్తోందో చూసుకోవచ్చు. బ్రేవ్ కొన్ని విలువలను కావాలనే తారుమారు చేస్తుంది. ఫైర్‌ఫాక్స్ తెలిసిన ఫింగర్‌ప్రింటింగ్ స్క్రిప్ట్‌లను ఆపుతుంది. దాని అంతర్గత సెట్టింగుల్లో అన్నిటినీ ఒకే రూపానికి తెచ్చే మీట కూడా ఉంది, కానీ అది పెడితే టైమ్‌జోన్ యూటీసీకి (ప్రపంచ ప్రామాణిక సమయానికి) మారి క్యాలెండర్లు, మీటింగ్ సమయాలు తప్పుగా చూపిస్తాయి. రోజూ పనిచేసే బ్రౌజర్‌లో దాన్ని ముట్టుకోకపోవడమే మంచిది.

ఇంకా సులువైన కారణమూ ఉండొచ్చు. ఒకే బ్రౌజర్‌లో మెయిల్, షాపింగ్, సోషల్ మీడియా అన్నీ లాగిన్ అయి ఉంటే వేలిముద్రతో పనేముంది?

రెండు బ్రౌజర్లు వాడమంటారు. దాని వల్ల ఒరిగేదేంటి?

ఖర్చు లేకుండా దొరికే పెద్ద లాభం ఇదే. మెయిల్, బ్యాంకు, ఆఫీసు లాంటి లాగిన్ పనులన్నీ ఒకదాంట్లో, ఎక్స్‌టెన్షన్లు దాదాపు లేకుండా. వెతకడం, చదవడం, తెలియని లింకులు తెరవడం రెండోదాంట్లో, ఏ అకౌంట్‌లోకీ లాగిన్ కాకుండా, గట్టి బ్లాకర్‌తో. ఏదో లింకు నొక్కి మోసపోయినా, ఆ విండోలో మీ లాగిన్ కుకీలు ఉండవు కాబట్టి వెబ్‌పేజీ స్థాయిలో దొంగకు దొరికేది తక్కువ. దించుకున్న ఫైలును నడిపితే మాత్రం ఈ గీత కాపాడలేదు. ఒకే బ్రౌజర్‌లో చేయాలంటే ఫైర్‌ఫాక్స్‌లో 'మల్టీ అకౌంట్ కంటైనర్స్', క్రోమ్‌లో వేర్వేరు ప్రొఫైళ్లు ఉన్నాయి. అయితే తొందరలో ఉన్నప్పుడు రంగు వేరు, గుర్తు వేరు ఉన్న రెండు బ్రౌజర్లయితే పొరపాటు తక్కువ.

ఎక్కడో 'అలౌ' నొక్కాను. మూల నుంచి వైరస్ హెచ్చరికలు వస్తున్నాయి.

చాలావరకు అది వైరస్ కాదు, ఒక సైటు పంపుతున్న నోటిఫికేషన్. దాని మీద నొక్కకండి, అది చెప్పే 'క్లీనర్' దించుకోకండి. క్రోమ్‌లో 'సైట్ సెట్టింగ్స్'లో 'నోటిఫికేషన్స్' తెరవండి. అనుమతి ఉన్న జాబితాలో మీరు ఎరగని పేర్లన్నీ తీసేయండి. హెచ్చరికలు వెంటనే ఆగిపోతాయి. ఆగకపోతే ఈమధ్య చేరిన ఎక్స్‌టెన్షన్లను, ప్రోగ్రాములను చూడాలి.

పాస్‌వర్డ్‌లు బ్రౌజర్‌లోనే దాచుకోవచ్చా?

ఒకే పాస్‌వర్డ్‌ను పదిచోట్ల వాడటం కన్నా ఎన్నో రెట్లు నయం. ఇంకో మేలు ఉంది. బ్రౌజర్ చిరునామా చూసే పాస్‌వర్డ్ నింపుతుంది. రోజూ తనే నింపేది ఒకరోజు నింపలేదంటే, మీరు నకిలీ పేజీలో ఉన్నారేమో చూసుకోండి. ఫైర్‌ఫాక్స్‌లో 'ప్రైమరీ పాస్‌వర్డ్' పెట్టండి, లేకపోతే మీ కంప్యూటర్ ముందు కూర్చున్న ఎవరైనా జాబితా తెరవగలిగే అవకాశం ఉంటుంది. రెండు మూడు రకాల పరికరాలు, బ్రౌజర్లు వాడేవాళ్లకు బిట్‌వార్డెన్ లాంటి విడి పాస్‌వర్డ్ మేనేజర్ సౌకర్యం.

అప్‌డేట్లు తమంతట తామే వస్తాయి కదా, నేను చూసుకోవాలా?

దిగడం తమంతట తామే దిగుతాయి. అమల్లోకి రావాలంటే బ్రౌజర్‌ను పూర్తిగా మూసి మళ్లీ తెరవాలి. ముప్పై ట్యాబ్‌లు తెరిచి, మూత మూసి తెరుస్తూ వారాల తరబడి నడిపే ల్యాప్‌టాప్‌లలో అప్‌డేట్ వచ్చి కూడా పాత లోపంతోనే బ్రౌజర్ నడుస్తుంటుంది. క్రోమ్ కుడి మూలలో 'రీలాంచ్' అన్న మాట కనిపిస్తే అదే అర్థం. ట్యాబ్‌లు పోతాయని భయం అక్కర్లేదు. స్టార్టప్ సెట్టింగ్‌లో 'ఎక్కడ ఆపానో అక్కడి నుంచి' అన్న అర్థమున్నది ఎంచుకుంటే అన్నీ తిరిగొస్తాయి, ఇన్‌కాగ్నిటోలో ఉన్నవి తప్ప.